త్రైరాశికము – నారాయణోపమానము

తెలిసిన మూడు రాశుల నుండి తెలియని నాల్గవ రాశిని సాధించు విధానమునకు పూర్వాచార్యులు త్రైరాశికమని పేరిడిరి. నేడు పాఠశాలలలో నిష్పత్తి, అనుపాతములుగా బోధింపబడునది ఇదియే. క్రీ.శ. 499 ప్రాంతపు ఆర్యభటీయమున, గణితపాదములో, దీని సూత్రము కలదు. ప్రమాణము, ఫలము, ఇచ్ఛ అనునవి ఆ మూడు రాశులు. ఫలమును ఇచ్ఛచే గుణించి ప్రమాణముచే భాగింపగా ఇచ్ఛాఫలము సిద్ధించును. 4 మానికల బియ్యము 20 మందికి చాలినచో, 6 మానికలు 30 మందికి చాలును.

క్రీ.శ. 1150లో లీలావతిని రచించిన భాస్కరాచార్యుడు, జగత్తు నారాయణునిచే వ్యాప్తమైనట్లు గణితము త్రైరాశికముచే వ్యాప్తమనెను. ఇది కేవల స్తుతి కాదు. పంచరాశికము, సప్తరాశికము, వడ్డీ గణనము ఇత్యాదులన్నియు దాని రూపభేదములే. రూపములు అనేకములు, తత్త్వమొక్కటి.

అయినను ఆచార్యులు వ్యస్త త్రైరాశికమును వేరుగా నిరూపించిరి. 20 మందికి 6 దినములు చాలు ధాన్యము 30 మందికి ఎన్ని దినములు వచ్చును? సూత్రమును కంఠస్థము మాత్రమే చేసినవాడు 9 అనును. రాశుల సంబంధమును విచారించినవాడు 4 అనును. భుజించువారు పెరిగిన కొలది దినములు తగ్గును గదా!

11వ శతాబ్దమున పావులూరి మల్లన, మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించి, ఈ విద్యను ఆంధ్రులకు పద్యరూపమున అందించెను.

వ్యాపకమైన తత్త్వమును శబ్దమాత్రముగా ఎరుగుట చాలదు. అది ప్రతి సందర్భమున ఏ రీతిగా వర్తించునో గ్రహించుటయే వివేకము. గణితమున గాని, బ్రహ్మవిచారమున గాని, సాధకునికి మార్గమిదియే.