ముసాఫర్ బంగ్లా నుంచి ఎకో రిసార్టు దాకా

సీతంపేట కొండల మీద ఆడలి వ్యూ పాయింటుకు సెలవు రోజుల్లో పట్నం వాళ్లు వస్తున్నారు. మంచు చూడాలని, అడవి పక్కన ఒక రాత్రి పడుకోవాలని వాళ్ల కోరిక. వెదురు తడకలు, మట్టి గోడలు, సోలార్ దీపం ఉన్న గదికి ఇప్పుడు 'ఎకో' అని పేరు. మన తాతల ఇళ్లూ మట్టి గోడ, గడ్డి కప్పు, ఎత్తు అరుగులతోనే ఉండేవి. వాటిని మాత్రం వెనుకబాటు అన్నారు. మన అడవిలో పరాయివాళ్ల బసకు పాత చరిత్ర ఉంది. దాన్ని మనమే చెప్పుకోవాలి.

1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలు కలెక్టరు చేతికి, ఆయన ఏజెంటు హోదా కిందికి వచ్చాయి. ఏజెన్సీ అనే మాట అలా పుట్టింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి రిజర్వు అయింది, పోడు నేరమైంది. దొరలు, ఫారెస్టు వాళ్లు క్యాంపుకు వస్తే దిగడానికి ముసాఫర్ బంగ్లాలు లేచాయి. మన్యంలో ఆ సామాను మోసింది, కట్టెలూ నీళ్లూ తెచ్చింది మనవాళ్లే. దాని పేరు వెట్టి. గూడెం కొండల్లో రోడ్డు పనికి పెట్టిన వెట్టి 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక కారణం.

అందరు అతిథులూ ఒకటి కాదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవరల మాట నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. సవర పిల్లలకు బడులు పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. ఆయన మన దగ్గర తీసుకున్నది మనకే తిరిగి ఇచ్చారు.

భూమి మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు, పోరాడి తెచ్చుకోవలసి వచ్చింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళ్తున్న గిరిజనులపై లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ ఉద్యమం సాగుతుండగానే 1970లో 1/70 చట్టం వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుల పేరిట భూమి బదిలీ చెల్లదని అది చెప్పింది. బొర్రా దగ్గర గనుల కేసులో, 1997 నాటి సమత తీర్పులో, సుప్రీంకోర్టు ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదన్నది.

ఇక్కడే ఎకో రిసార్టు చరిత్రలోకి వస్తుంది. బస ఎవరి భూమి మీద ఉంది? లెక్క పుస్తకం ఎవరి చేతిలో ఉంది? మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితి వాళ్లే కాటేజీలు నడిపిన అనుభవం ఉంది. అది ఒక దారి. ఇంకో దారిలో మన కుర్రాడు వాచ్‌మన్, మన అప్ప గదులు ఊడ్చే మనిషి, మన బొంగు చికెన్ ఇంకొకరి మెనూ. జీతం ఉంది కాబట్టి అది వెట్టి కాదు. కానీ యజమాని మనం కాము.

శ్రీకాకుళం జిల్లాలో చాలా గిరిజన ఊళ్లు షెడ్యూలు బయటే ఉండిపోయాయి. అక్కడ 1/70 రక్ష కూడా లేదు. అక్కడి వాళ్లు కాగితం మీద వేలిముద్ర వేసే ముందు రెండింతలు జాగ్రత్తపడాలి.

అతిథిని కాదనడం మన సంప్రదాయం కాదు. వచ్చినవాడికి అంబలి పోసే ఇళ్లు మనవి. అయితే అరుగు మనదై ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అడవిని కాపాడే హక్కు ఇచ్చింది. ఉపాధ్యాయులు ఆ చట్టాన్ని పిల్లల చేత చదివించాలి. యువకులు తమ ఊరి ముసలివాళ్లను అడిగి, బంగ్లా సామాను ఎవరు మోశారో పేర్లతో రాసిపెట్టాలి. ఆ పేర్లు తెలిసిన ఊరు తన అరుగును తేలిగ్గా వదులుకోదు.