కంప్యూటరులో తెలుగు పాఠ్యం చెదిరిపోవడం

ఒకచోట సరిగా వ్రాసి భద్రపరచిన తెలుగు పాఠ్యం మరొకచోట తెరచినపుడు గళ్ళుగానో, ప్రశ్నార్థకాలుగానో, అర్థంలేని రోమను గుర్తులుగానో కనిపించడాన్ని ఈ వ్యాసంలో పాఠ్యం చెదరడం అన్నాము. జపాను భాష నుండి వచ్చిన మోజిబాకే అనే పేరు దీనికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. ప్రోగ్రాములు వ్రాసేవారికి, కమాండ్ లైనుపై పనిచేసేవారికి ఇది తరచుగా ఎదురవుతుంది. చాలా సందర్భాలలో అసలు పాఠ్యానికి ఏ హానీ జరగదు, చూపించే తీరులోనే దోషం ఉంటుంది. ఆ సంగతి తెలియక చెదిరిన రూపంలోనే ఫైలును మళ్ళీ సేవ్ చేస్తే మాత్రం ఉన్న పాఠ్యం శాశ్వతంగా పోవచ్చు. కావున కారణం తేలేవరకు మూలఫైలు జోలికి పోకుండా, ఒక నకలు తీసుకొని దానిపైనే పరీక్షలు జరపాలి.

ఈ వ్యాసంలో ఆదేశాల పేర్లను తెలుగు ఉచ్చారణలో ఇచ్చాము. టైపు చేసేటపుడు వాటిని రోమను లిపిలోనే వ్రాయాలి.

మూల కారణం

కంప్యూటరు అక్షరాలను దాచదు, అంకెలను దాస్తుంది. 1991లో వెలువడిన యూనీకోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. దశాంశంలో చెప్పాలంటే 3072 నుండి 3199 వరకు గల 128 స్థానాలు తెలుగువి. 'అ' సంఖ్య 3077. ఈ సంఖ్యలను ఫైలులో బైట్లుగా వ్రాసే పద్ధతులలో నేడు సర్వత్రా వాడుకలో ఉన్నది యూటీఎఫ్-8. దీనిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. ఇందులో తెలుగు సంకేతం ప్రతిదీ మూడు బైట్లు. 'అ' అంటే 224, 176, 133.

మొదటి బైటు ఎల్లప్పుడూ 224. రెండవది 176 గాని 177 గాని అవుతుంది. అచ్చులు, హల్లులు, తలకట్టు దీర్ఘం, గుడి 176 వైపున, గుడిదీర్ఘం మొదలుకొని మిగిలిన గుణింతపు గుర్తులు, పొల్లు, తెలుగు అంకెలు 177 వైపున ఉంటాయి. ఈ ఒక్క విషయం గుర్తుంటే సగం చిక్కులు వాటంతట అవే విడిపోతాయి.

'తెలుగు' అనే మాటను మనం మూడక్షరాలు అంటాము. యూనీకోడ్ లెక్కలో అవి ఆరు (త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము). ఫైలులో 18 బైట్లు. పైథాన్ 3లో ఈ మాట పొడవు అడిగితే 6 అని వస్తుంది. డేటాబేసులోనో ప్రోగ్రాములోనో బైట్ల లెక్కన పాఠ్యాన్ని కత్తిరిస్తే మూడు బైట్ల మధ్యలో కోత పడవచ్చు. అట్టి చోట నల్లని వజ్రంలో తెల్లని ప్రశ్నార్థకం కనిపిస్తుంది.

లక్షణాన్ని బట్టి నిర్ధారణ

గళ్ళు: ఇది ఖతి, అనగా ఫాంటు లేకపోవడం వల్ల కలిగేది. పాఠ్యం క్షేమం. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి, విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మల ఖతులు వచ్చాయి కనుక మామూలు కిటికీలలో ఈ బాధ తగ్గింది. పాత విండోస్ కమాండ్ ప్రాంప్టులో మాత్రం 'సీహెచ్‌సీపీ 65001' అని ఆదేశించి యూటీఎఫ్-8కు మారినా తెలుగు గళ్ళుగానే కనిపించవచ్చు, లేదా ఒత్తులు విడిపోవచ్చు. ప్రోగ్రాము తప్పు వ్రాశామని ఇక్కడ చాలామంది విద్యార్థులు గంటలు వృథా చేసుకుంటారు. ఫలితాన్ని తెరపైకి గాక ఫైలులోకి మళ్ళించి, ఎడిటరులో తెరచి చూస్తే నిజం తెలిసిపోతుంది.

రోమను చెత్త: తలపై వాలుగీత గల చిన్న 'ఎ' అక్షరం, దాని పక్కన ° గాని ± గాని, పిదప మరొక గుర్తు, ఇదే వరుస మళ్ళీ మళ్ళీ కనిపిస్తే అది యూటీఎఫ్-8 తెలుగును పశ్చిమ ఐరోపా పట్టికతో, అనగా విండోస్-1252తో చదివిన ఫలితం. ఆ పట్టికలో 224 వాలుగీత 'ఎ', 176 డిగ్రీ గుర్తు, 177 ప్లస్-మైనస్ గుర్తు. ఎడిటరులో గాని విహరిణిలో గాని ఎన్‌కోడింగును యూటీఎఫ్-8కు మారిస్తే చాలు. ఎక్సెల్‌లో సీఎస్‌వీ ఫైలును నేరుగా తెరచినపుడు కలిగే చెదురు చాలావరకు ఇదే. ఫైలు మొదట 239, 187, 191 అనే మూడు బైట్ల గుర్తు ఉంటే ఎక్సెల్ సరిగా గ్రహిస్తుంది. అదే గుర్తు లినక్సు షెల్ స్క్రిప్టు మొదట ఉంటే స్క్రిప్టు మొదటి వరుస గుర్తింపు పొందదు. ఒకచోట మందు మరొకచోట విషం.

చెత్తనే యూటీఎఫ్-8గా సేవ్ చేసి ఉంటే చిక్కు ముదురుతుంది. అపుడు మూడు బైట్ల అక్షరం ఆరో ఏడో బైట్లవుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో పట్టిక యూటీఎఫ్-8గా, సంధానం లాటిన్-1గా ఉన్నపుడు జరిగేది కూడా ఇదే. దీనిని తిరగదోడవచ్చు, అయితే ఒక అడ్డంకి ఉన్నది. విండోస్-1252లో 129, 141, 143, 144, 157 స్థానాలు ఖాళీ. తెలుగు కొమ్ము మూడవ బైటు 129, పొల్లు మూడవ బైటు 141. ఏ, ఐ, ఝ కూడా ఈ ఖాళీలలోనే పడతాయి. కనుక 'ఐకాన్వ్' ఆదేశం తరచుగా పొల్లు దగ్గర ఆగిపోతుంది. ఇట్టి ఖాళీలను కూడా లెక్కలోకి తీసుకునే ఎఫ్‌టీఎఫ్‌వై అనే పైథాన్ లైబ్రరీ ఇక్కడ మేలు. చెదిరిన పాఠ్యాన్ని కాపీ చేసి వేరొకచోట అతికించడం మంచిది కాదు. 'ఠ'లోని 160 మామూలు ఖాళీగా మారిపోవచ్చు, 'భ'లోని 173 కంటికి కనబడని హైఫను.

పైథాన్ దోషసందేశం: విండోస్‌లో ఎన్‌కోడింగు చెప్పకుండా తెలుగు ఫైలు తెరచినపుడు, 'చార్‌మ్యాప్ కోడెక్' ఫలానా బైటును విప్పలేకపోయిందని సందేశం వస్తుంది. ఆ బైటు చాలాసార్లు పదహారాంశంలో '8డి', అనగా 141. అది మన పొల్లే. ఒత్తక్షరం ఒక్కటైనా లేని తెలుగు ఫైలు అరుదు కనుక ఈ సందేశం తప్పించుకోలేనిది. ఫైలు తెరిచే ఆదేశంలో ఎన్‌కోడింగు యూటీఎఫ్-8 అని స్పష్టంగా వ్రాయడమే దీనికి విరుగుడు. పైథాన్ 3.7 (2018) నుండి మొత్తం ప్రోగ్రామును యూటీఎఫ్-8 మోడులో నడిపే వీలు కూడా ఉన్నది. దోషాలను 'ఇగ్నోర్' చేయమని కొందరు ఇచ్చే సలహాను పాటించరాదు. సందేశం ఆగిపోతుంది గాని, ప్రతి పొల్లూ ప్రతి కొమ్మూ తన మూడవ బైటును పోగొట్టుకుంటుంది.

ప్రశ్నార్థకాలు: ఇది అన్నింటికంటె ప్రమాదకరమైనది. తెలుగుకు చోటులేని పట్టికలో సేవ్ చేసినపుడు ప్రతి సంకేతం బదులు 63 అనే బైటు, అనగా ప్రశ్నార్థకం వ్రాయబడుతుంది. 'తెలుగు' ఆరు ప్రశ్నార్థకాలవుతుంది. వాటినుండి మూలాన్ని రాబట్టే ఉపాయం లేదు, పాత నకలే గతి. నోట్‌ప్యాడ్ పూర్వం ఆన్సీ పద్ధతిని ముందుగా ఎంచుకునేది. 2019 నాటి విండోస్ 10, 1903 కూర్పు నుండి యూటీఎఫ్-8ను ఎంచుకుంటున్నది. అయితే ప్రశ్నార్థకం తెరపై మాత్రమే ఉండవచ్చు. లినక్సులో 'ఓడీ' ఆదేశానికి 'టీ యూ1' అనే ఐచ్ఛికం ఇస్తే ఫైలులోని బైట్లు దశాంశంలో కనిపిస్తాయి. 224 వరుసగా వస్తే తెలుగు బ్రతికే ఉన్నది, 63 వస్తే లేదు.

వెనుకగీతలతో అంకెలు: గిట్‌లో తెలుగు పేరుగల ఫైళ్ళు \340\260 వంటి అంకెలతో కనిపిస్తాయి. ఇవి 224, 176లకు అష్టాంశ రూపాలే. గిట్ అమరికలలో 'కోర్.కోట్‌పాత్' విలువను ఫాల్స్ చేస్తే పేర్లు తెలుగులో వస్తాయి. లినక్సు 'ఎల్ఎస్' ఆదేశం ఇట్లా చూపితే లొకేల్ 'సీ'గా ఉన్నదేమో చూడాలి.

కనిపించినా వెతికితే దొరకని మాటలు

ఐత్వాన్ని యూనీకోడ్‌లో రెండు విధాలుగా వ్రాయవచ్చు: ఒకే గుర్తుగా (3144), లేదా ఎత్వం (3142), దాని క్రింది భాగం (3158) కలిపి. తెరపై తేడా లేదు. పాత మ్యాక్ కంప్యూటర్ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతి ఫైళ్ళ పేర్లను రెండవ విధంగా విడదీసి దాచేది. అందుచేత 'పైరు' అనే ఫైలును లినక్సులో 'గ్రెప్' చేస్తే దొరకకపోవచ్చు. పోల్చేముందు రెండింటినీ ఎన్ఎఫ్‌సీ రూపానికి మార్చుకోవాలి.

8204 సంఖ్య గల కంటికి కనబడని విడదీత గుర్తు రెండవ దొంగ. 'ఫైర్‌ఫాక్స్' వంటి మాటలలో పొల్లు తరువాత దీనిని వాడతారు. ఒకరు వాడి ఒకరు వాడకపోతే ఒకే మాట రెండు మాటలవుతుంది. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 గల ఐఫోనులలో 'జ్ఞ'కు ఈ గుర్తును, దీర్ఘాన్ని చేర్చిన ఒక సంకేతాల వరుసను చూపబోయి అనువర్తనాలు కూలిపోయాయి. ఆపిల్ అదే నెల 19న 11.2.6 కూర్పుతో సరిదిద్దింది.

పాత ఖతుల ఫైళ్ళు

యూనీకోడ్ వ్యాపించకముందు పత్రికలు, ముద్రాపకులు తమతమ ఖతులలో రోమను అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలను పెట్టుకొనేవారు. తలకట్టు ఒక సంకేతం, కొమ్ము ఒక సంకేతం, ఒత్తు మరొకటి. 1991 నాటి ఇస్కీ ప్రమాణం ఉన్నా ఈ ఖతులు దానిని అనుసరించలేదు. ఇట్టి ఫైలులో 224, 176 జంట కనిపించదు, 'ఐకాన్వ్' దీనికి పనికిరాదు. ప్రతి ఖతికి వేరొక మార్పిడి పట్టిక కావాలి. ఫైర్‌ఫాక్స్‌కు పద్మ అనే పొడిగింత కొన్ని ఖతులను చదివేటపుడే యూనీకోడ్‌లోకి మార్చేది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాతపద్ధతి పొడిగింతలను నిలిపివేసింది. ఊరి చరిత్రలు, సంస్మరణ సంచికలు, సంఘాల నివేదికలు ఎన్నో ఇప్పటికీ ఇట్టి ఫైళ్ళలోనే మిగిలి ఉన్నాయి. అటువంటివి దొరికినపుడు ఫైలుతోబాటు దాని ఖతి ఫైలును కూడా సేకరించి, ఖతి పేరును విడిగా వ్రాసి ఉంచాలి. ఖతి పోతే బైట్లు మిగిలినా ఏ బైటు ఏ అక్షరపు ముక్కో తెలుసుకోవడానికి అచ్చుప్రతితో పోల్చి చూడడం తప్ప వేరు దారి ఉండదు.