కృతజ్ఞత

అమెరికాలో నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్, కృతజ్ఞత చెప్పుకునే పండుగ. 1863లో అధ్యక్షుడు లింకన్ ప్రకటన దాన్ని ఏటేటా జరిపే జాతీయ పండుగగా నిలబెట్టింది. ఇప్పటి తేదీని చట్టంగా చేసింది 1941లో. అక్కడి తెలుగువాళ్లలో చిన్నపిల్లలున్న ఇళ్లకు ఈ పండుగ ఎక్కువగా బడి సంచీలోనే వస్తుంది. బడిలో పిల్లలు కాగితం మీద చెయ్యి పెట్టి, చుట్టూ గీసి, బొటనవేలిని టర్కీ కోడి తలగా, మిగతా వేళ్లను ఈకలుగా రంగులేస్తారు. ఒక్కో ఈక మీద ఒక్కో పేరు: అమ్మ, నాన్న, తాతయ్య, కుక్కపిల్ల.

‘కృతజ్ఞత’ సంస్కృతం నుంచి వచ్చిన మాట. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగినవాడు. మనకు ఒకరు చేసిన మేలు ఎరిగి ఉండటమే కృతజ్ఞత. నోటితో చెప్పాలన్న అర్థం ఆ మాటలో ఎక్కడా లేదు. ఎదురుమాట కృతఘ్నత: చేసిన మేలును చంపడం. ఎంత కఠినమైన మాటో! ఇంగ్లీషు ‘థాంక్’ కూడా ‘థింక్’కు చుట్టమే, దాని పాత అర్థం తలపు.

మన వాడుకలో కృతజ్ఞతలు, ధన్యవాదాలు ఎక్కువగా సభలకే పరిమితం. ఇంట్లో పెద్దవాళ్లు “చల్లగా ఉండు నాయనా” అంటారు. దీవెనే వాళ్ల థాంక్స్. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఆ ఎరుక ఇంకా చిన్న పనుల్లో కనిపిస్తుంది: రాత్రంతా లేచి పాలు పట్టిన మనిషిని పొద్దున్న ఇంకాసేపు పడుకోనిచ్చి, తలుపు దగ్గరగా వేసి, పాపను ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లడం కృతజ్ఞతే.