గుండె సంకేతం, కంప్యూటరు గుమ్మం

అమీర్‌పేట, పంజగుట్ట పక్కపక్కనే ఉన్న పేటలు. ఒకచోట కంప్యూటరు కోర్సుల శిక్షణ కేంద్రాలు. మరొకచోట నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, అనగా మన నిమ్స్. అక్కడ అంకెలు, ఇక్కడ అంకెలుగా పుట్టని దేహ సంకేతాలు. ఈ రెంటినీ కలిపిన చరిత్ర తెలిస్తే, నేడు ఇళ్లలోకి వస్తున్న చిన్న ఇసిజి పరికరాలను ఎంతవరకు నమ్మవచ్చునో బోధపడుతుంది.

నాడి, ఉష్ణోగ్రత, గుండె విద్యుత్తు ఎడతెగకుండా మారుతూ సాగుతాయి. వీటినే అనలాగ్ సంకేతాలంటారు. ఇరవయ్యో శతాబ్దారంభంలో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో విల్లెమ్ ఐంథోవెన్, వెండిపూత గల అతి సన్నని తంతువును అయస్కాంతం నడుమ అమర్చి, గుండె విద్యుత్తుకు అది కదిలే తీరును ఛాయాచిత్రంగా పట్టాడు. రోగి చేతులను, కాలిని ఉప్పునీటి పాత్రల్లో ఉంచేవారు. 1905లో ఆసుపత్రిలోని రోగి సంకేతాన్ని టెలిఫోను తీగ ద్వారా కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు రప్పించాడు. ఇంచుమించు అమీర్‌పేట నుంచి పంజగుట్టకు ఉన్నంత దూరం! 1924లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

కంప్యూటరుకు మాత్రం అంకెలే తెలుసు. సంకేతాన్ని క్షణక్షణం కొలిచి అంకెగా మార్చే గుమ్మం ఒకటి కావాలి. 1967లో హైదరాబాదులో నెలకొన్న ఇసిఐఎల్ కంప్యూటర్లు తయారుచేసినా, అవి సంస్థలకే పరిమితం. 1981లో బ్రిటన్‌లో వెలువడిన బీబీసీ మైక్రో అనే ఇంటి కంప్యూటరులో వోల్టేజీని కొలిచే నాలుగు మార్గాలుండేవి. 1984లో ఆరంభమైన ‘క్లాస్’ పథకం ద్వారా ఆ యంత్రాలే మన దేశపు పాఠశాలలకు చేరాయి. 2005లో వచ్చిన ఆర్డుయినో పలకతో ఆ పని విద్యార్థులకు మరింత అందుబాటులోకి వచ్చింది.

ఇక్కడే ఒక లెక్క చూడండి. సాధారణ ఆర్డుయినో 5 వోల్టులను 1024 మెట్లుగా విభజిస్తుంది. ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు. చర్మంపై అందే గుండె సంకేతమో, దాదాపు 1 మిల్లీవోల్టు! ఒక్క మెట్టుకైనా చాలదు. కనుక ముందు దాన్ని వందల రెట్లు పెంచాలి. ఇంటి కరెంటు నుంచి వచ్చిపడే 50 హెర్ట్జ్ రొదను వడగట్టాలి. గీత ఊగిసలాటను తొలగించే మరో వడపోతలో నెమ్మదిగా మారే భాగాలు కూడా పోవచ్చు. గుండెపోటును సూచించే గీత మార్పు ఒక్కోసారి 0.1 మిల్లీవోల్టు మాత్రమే. వడపోత దాన్ని చెరిపివేయవచ్చు, లేదా లేనిదాన్ని చూపవచ్చు. పైగా ఆసుపత్రి ఇసిజి గుండెను 12 కోణాల నుంచి చూస్తుంది. ఇంటి పరికరాలలో చాలావరకు ఒక్క కోణమే.

కాబట్టి తెరపై గీత చక్కగా ఉన్నదంటే గుండె చక్కగా ఉన్నదని అర్థం కాదు. ఆ గుమ్మం దాటి రాగలిగినది మాత్రమే మనకు కనబడుతున్నది. లయ తప్పడాన్ని గుర్తించడానికి ఈ పరికరాలు కొంత ఉపకరిస్తాయి. గుండెపోటు లేదని తేల్చలేవు.

పిల్లలు ఇటువంటి ప్రయోగాలు చేస్తానంటే వద్దనకండి. ఉష్ణోగ్రత, వెలుతురు కొలవనివ్వండి. కానీ ఛార్జరుకు తగిలించిన కంప్యూటరు తీగలను శరీరానికి ఎన్నడూ అంటించనీయకండి. లోపం ఏర్పడితే ఇంటి కరెంటు గుండె మీదుగా పోయి ప్రాణం తీయగలదు.

ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం కలిగితే తెర వంక చూస్తూ కూర్చోకండి. 108కి ఫోను చేయండి.