మిద్దె దూలాల మీద వైరు పొరలు

టెస్టరు పెడితే సాకెట్టులో రెండు కన్నాల్లోనూ వెలుగుతుంది. అయినా ఫ్యాను తిరగదు, లైటు వెలగదు. రాయలసీమలోని గడివేముల చుట్టుపక్కల పాత మిద్దె ఇళ్లలో ఇలాంటి రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. "ఏందన్నా ఇది, రెండు పక్కలా ఫేజే వస్తాంది" అని ఇంటాయన బెదురుతాడు. పని తెలిసిన ఎలక్ట్రీషియన్ అయితే ఇంట్లో స్విచ్చులన్నీ ఆపమంటాడు. ఆపగానే ఒక కన్నంలో టెస్టరు ఆరిపోతుంది. రెండో ఫేజు ఎక్కడి నుంచీ రాలేదు. ఎక్కడో న్యూట్రల్ తెగింది. ఆన్‌లో ఉన్న ఫ్యాను చుట్ట గుండా ఫేజే అవతలి వైరులోకి వచ్చి, తిరిగి పోయే దారి లేక అక్కడే నిలబడింది.

కారణం చెప్పడం తేలిక. తెగిన చోటు పట్టుకోవాలంటే మాత్రం ఆ ఇంటి చరిత్ర తవ్వాల్సిందే. పాత ఇంటి వైరింగు ఒక్కరు ఒక్కసారి వేసింది కాదు మరి.

వెతుకులాట మెయిన్ బోర్డు దగ్గర మొదలవుతుంది. టేకు చెక్క మీద రెండు తెల్ల పింగాణీ ఫ్యూజులు, జనం భాషలో కిట్‌క్యాట్‌లు. ఒకటి ఫేజుకు, ఒకటి న్యూట్రల్‌కు. రెండూ ఉంటే రెట్టింపు భద్రత అనుకునేవాళ్లు. నిజానికి అది ఎర్త్ చేసిన న్యూట్రల్ లేని రోజుల అలవాటు. అప్పట్లో రెండు వైర్లలో దేన్నీ నమ్మడానికి లేదు కాబట్టి రెంటికీ ఫ్యూజు పెట్టారు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు న్యూట్రల్‌లో విడి ఫ్యూజు గానీ విడి స్విచ్చు గానీ ఉండకూడదన్నాయి. నిబంధన కాగితం మీద మారింది కానీ మేస్త్రీ చేతి అలవాటు మారడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. న్యూట్రల్ ఫ్యూజు పోతే ఇల్లంతా చీకటే, కానీ హోల్డరులో ఫేజు అలాగే ఉంటుంది. కరెంటు పోయిందనుకుని బల్బు విప్పబోయినవాడికి తగిలేది అదే. ఆ కిట్‌క్యాట్‌లలో ఫ్యూజు తీగకు బదులు, తరచూ పోతోందన్న విసుగుతో మెలిపెట్టిన రాగి పోగులు కనిపిస్తాయి. అవి మాత్రం ఎప్పటికీ పోవు. వైరు కాలాల్సిందే.

ఫ్యూజులు బాగున్నాయంటే ఇక దూలాల మీదికి ఎక్కాలి. ఈ ప్రాంతపు మిద్దె కట్టుబడి తెలియకపోతే వైరు పైన ఎందుకు పరిచారో అర్థం కాదు. రాయీ మట్టీ కలిపి కట్టిన మందపాటి గోడలు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద చౌడుమట్టి. ఆ గోడకు గాడి కొట్టి పైపు దించబోతే రాళ్లు కదులుతాయి. అందుకే దూలం వెంబడి సన్నటి టేకు పట్టీ కొట్టి, రేకు క్లిప్పులతో వైరు బిగించారు. చివర గుండ్రటి చెక్క దిమ్మె, దాని మీద టక్కుమని పడే నల్ల బేకలైట్ స్విచ్చు. చూడ్డానికి పాతదే అయినా నాకు ఈ పద్ధతి మీద గౌరవం ఉంది. వైరు ఎటు పోతోందో కంటికి కనిపిస్తుంది. గోడలో పూడ్చిన పైపులకు ఆ గుణం లేదు.

పీవీసీ రాకముందు వైరు తొడుగు రబ్బరే. ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండి పెళుసెక్కుతుంది. కదపనంత కాలం కాపాడుతుంది, చేయి పెట్టి వంచితే పొడిపొడిగా రాలి తీగ బయటపడుతుంది. మిద్దె కురిసిన ఏడు ఆ చోటే షాకు కొడుతుంది.

ఈ సీమ పల్లెలకు కరెంటు ఒక్కసారిగా రాలేదు. 1950ల చివర తుంగభద్ర విద్యుత్తు, 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టాక దాని అప్పులతో వేసిన లైన్లు, ఇలా విడతలుగా వచ్చింది. చాలాచోట్ల ఇంటి కన్నా బావి మోటారుకే ముందుపీట. పేదింటికి 1988-89లో మొదలైన కుటీరజ్యోతి పథకం కింద ఒకే ఒక్క లైటు పాయింటు ఇచ్చారు. తర్వాత ఆ ఒక్క పాయింటు నుంచే ఫ్యాను, టీవీ, కూలరు ఒకదాని వెనక ఒకటి లాగారు. తెచ్చిన వైరు కట్ట ఒకే రంగుదైతే ఇంటికంతా అదే రంగు. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్త్ అనే లెక్క ఆ ఇళ్లలో పనికిరాదు.

వైరులోని లోహమూ అన్నిచోట్లా ఒకటి కాదు. ఒకప్పుడు రాగి కొరత దేశాన్నే ఇబ్బంది పెట్టింది. విదేశీ మారకం ఖర్చు చేసి తెప్పించుకోవాల్సిన లోహం కాబట్టి 1960ల నుంచి ఇళ్లలోనూ అల్యూమినియం వైరు వాడకం పెరిగింది. దాని పైన గాలి తగలగానే కరెంటు సరిగా పారనివ్వని పొర ఏర్పడుతుంది. మర కింద బిగిస్తే మెత్తగా నలిగి మెల్లగా వదులవుతుంది. తర్వాతి తరంవాళ్లు దానికి రాగి వైరు మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు. న్యూట్రల్ ఎక్కువగా తెగేది ఈ మెలిక దగ్గరే. టేపు విప్పితే లోపల తెల్లటి పొడి, నల్లగా కమిలిన కొస కనిపిస్తాయి.

అంతటితో పని అయిపోతుందా అంటే, ఎర్త్ మిగిలే ఉంది. లైట్లు, ఫ్యాన్లు మాత్రమే ఉన్న ఇంట్లో టూ పిన్ సాకెట్లే చాలనుకున్నారు. మన గుండ్రటి మూడు పిన్నుల సాకెట్టు 1934 నాటి బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 546 నుంచి వచ్చింది. 1947లో బ్రిటన్‌వాళ్లు చదును పిన్నులకు మారిపోయారు, మనం పాతదాన్నే పట్టుకున్నాం. పైనున్న లావుపాటి పిన్ను ఎర్త్‌ది. ఫ్రిజ్ వచ్చాక, సాకెట్టులో పట్టలేదని దాన్నే కోసేసిన ఇళ్లున్నాయి. ఎర్త్ గొయ్యి తవ్వి బొగ్గు, ఉప్పు పొరలుగా వేసినా, ఈ నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిచ్చి తేమ ఆరిపోతుంది. అప్పుడప్పుడూ నీళ్లు పోస్తేనే అది ఎర్త్.

  

ఇప్పుడు పాత ఇంటికి ఎవరైనా మొదట సూచించేది 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ. పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా లేకపోతే క్షణంలో ఆపేసే పెట్టె అది. పాత మిద్దెకు బిగించిన మొదటి రోజే ఊరికే పడిపోతుంది. పెట్టె చెడ్డదని దుకాణానికి తిరిగిచ్చేసేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు తప్పు పెట్టెది కాదు. వంటింటి లైటు ఫేజు ఒక దారిలో వెళ్లి, దగ్గరగా ఉందని పడకగది న్యూట్రల్‌లో తిరిగివస్తుంటుంది. లేదా న్యూట్రల్ కరువై ఎవరో ఎర్త్‌నే న్యూట్రల్‌గా వాడి ఉంటారు. మెయిన్ ఆపి, ఒక్కో సర్క్యూట్ న్యూట్రల్ విడదీసి, తొడుగు పటుత్వం చూపే మెగ్గరుతో ఒక్కో వైరూ కొలిచి, చీటీ కట్టుకుంటూ పోవాలి. పట్టీ మీది వైరైతే పూటలో తేలిపోతుంది. సిమెంటు పూసి కప్పేసిన గదిలో అయితే ఎక్కువసార్లు పాతదాన్ని వదిలేసి కొత్త వైరు లాగడమే చవక.