సెకండ్‌హ్యాండ్ ట్రాలీ బండి కొంటున్నారా? అప్పు లేకుండా కొనే లెక్క ఇదీ

కూరగాయలు, పూలు, పండ్లు పండించే చిన్న రైతుకు సొంతంగా ఒక టాటా ఏసో, బొలెరో పికప్పో ఉంటే బాగుండుననిపించడం సహజమే. కోత రోజు కిరాయి బండి ఆలస్యమైతే మార్కెట్‌లో వేలం అయిపోతుంది, మిగిలిన సరుకు అడిగినంతకు ఇచ్చి రావాల్సి వస్తుంది. కానీ పంట అప్పుకు బండి అప్పు కూడా తోడైతే ఒక్క సీజన్ రేటు లేకపోయినా కిస్తీలు ఆగిపోతాయి. ఫైనాన్స్ వాళ్లు బండిని సీజ్ చేస్తారు, అప్పటిదాకా కట్టిన డబ్బు కూడా పోతుంది. అందుకే బండి చూడటానికి వెళ్లే ముందు ఇంట్లో కూర్చుని ఒక లెక్క వేసుకోండి.

ముందు ట్రిప్పులు లెక్కపెట్టండి

మదనపల్లె మార్కెట్‌కు 20 కిలోమీటర్ల దూరంలో రెండెకరాల టమాట వేసిన రైతు అనుకుందాం. ఏడాదికి 50 ట్రిప్పులు, ట్రిప్పుకు కిరాయి 900 రూపాయలు అనుకుంటే మొత్తం 45,000 అవుతుంది. మీ ఊరి కిరాయి, దూరం వేరుగా ఉంటే ఆ అంకెలే వేసుకోండి.

అదే రైతుకు సొంత టాటా ఏస్ ఉంటే ఏమవుతుంది? సరుకు రవాణా చేసే నాలుగు చక్రాల బండికి 7,500 కిలోల లోపు బరువైతే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 2022 జూన్‌ నాటి రేటు ప్రకారమే 16,049 రూపాయలు, పన్ను అదనం. కారు ఇన్సూరెన్స్ లాగా నాలుగైదు వేలలో అయిపోతుందనుకుని చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. దీన్ని 17,000 అనుకుందాం. టైర్లు, బ్యాటరీ, రిపేర్లకు పాత బండి కాబట్టి 20,000 పక్కన పెట్టాలి. ఫిట్‌నెస్, పొల్యూషన్ సర్టిఫికెట్ వగైరాలకు 4,000. అంటే బండి కదలకపోయినా ఏడాదికి 41,000 ఖర్చు. ట్రిప్పుకు డీజిల్ సుమారు 280. యాభై ట్రిప్పులకు అన్నీ కలిపి 55,000 అవుతుంది. కిరాయి కంటే 10,000 ఎక్కువ, అదీ బండికి పెట్టిన సొమ్మును, దాని అరుగుదలను లెక్కలోకి తీసుకోకుండానే.

ఈ లెక్కలో సొంత బండి వల్ల ట్రిప్పుకు మిగిలేది 620 రూపాయలు. 41,000 రాబట్టాలంటే కనీసం 67 ట్రిప్పులు తిరగాలి. ఇది చేతి డబ్బుతో కొన్నప్పటి మాట. రెండు లక్షలు అప్పు తెచ్చి కొంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. 12 శాతం ఫ్లాట్ వడ్డీకి మూడేళ్ల కాలానికి తీసుకుంటే నెలకు 7,556 చొప్పున ఏడాదికి 90,000 పైనే కట్టాలి. అప్పుడు ఏడాదికి 213 ట్రిప్పులు తిరిగితే గానీ గిట్టుబాటు కాదు. ఫ్లాట్ వడ్డీలో మీరు అసలు తీరుస్తూ వస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రెండు లక్షల మీదే పడుతుంది. అందుకే చెప్పేది 12 శాతమైనా నిజంగా పడేది 21 శాతం దాకా ఉంటుంది. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. రెండింటికీ పెద్ద తేడా లేదు. ఇక పంట రుణం తెచ్చి బండికి పెడితే మందులకు, ఎరువులకు మళ్లీ బయట అప్పు చేయక తప్పదు.

మిగతా రోజుల్లో కిరాయిలకు తిప్పుకుంటాంలే అని ధీమాగా ఉంటారు కొందరు. మీ టమాట కోతకు వచ్చిన వారమే పక్కవాళ్ల టమాట కూడా కోతకు వస్తుంది. అందరికీ బండి కావాల్సిన రోజు మీ బండి మీ సరుకుకే చాలదు, ఖాళీగా ఉన్న రోజు అడిగేవారుండరు. ఇప్పటికే ఏడాది పొడవునా పాలు, ఇసుక, దాణా లాంటి కిరాయిలు ఖాయంగా ఉన్నవారికే ఆ లెక్క కుదురుతుంది.

ట్రిప్పులు తక్కువైతే ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ఒక కిరాయి బండిని సీజన్ మొత్తానికి ముందే మాట్లాడుకోవడం మేలు. ట్రాక్టర్ ఉన్నవారికి దగ్గర మార్కెట్‌కు దాని ట్రాలీయే చాలు.

ఎంత బండి కావాలి?

ఒక ట్రిప్పులో 400, 500 కిలోలు మించని వారికి గూడ్స్ ఆటో సరిపోతుంది. దాని థర్డ్ పార్టీ ప్రీమియం నాలుగు చక్రాల బండిదానిలో మూడో వంతు కూడా ఉండదు. టాటా ఏస్ ముప్పావు టన్ను మోస్తుంది. అశోక్ లేలాండ్ దోస్త్, బొలెరో పికప్ టన్నుకు పైన మోస్తాయి కానీ డీజిల్, టైర్ల ఖర్చు ఎక్కువ. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు. పికప్‌లలో కొన్ని మోడళ్లు ఈ పరిమితి దాటుతాయి కాబట్టి ఆర్‌సీలో బరువు చూసుకోండి. 7,500 కిలోల లోపు రవాణా బండిని మామూలు ఎల్‌ఎంవీ లైసెన్స్‌తో నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్‌-6 బండ్లలో సెన్సార్లు ఎక్కువ. మీ మండల కేంద్రంలో వాటిని బాగుచేసే మెకానిక్ లేకపోతే బీఎస్‌-4 బండే నయం. మరీ పాతదానికీ వెళ్లొద్దు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ప్రతి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, 15 ఏళ్లు దాటితే ఆ ఫీజు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇంకో మాట. 2025 సెప్టెంబరులో సరుకు బండ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర తగ్గింది కాబట్టి పాతదాని ధర కూడా తగ్గించమని గట్టిగా అడగండి.

కాగితాల దగ్గరే అసలు మోసం

"ఇంకా పది కిస్తీలే ఉన్నాయి, అవి మీరు కట్టుకోండి, బండి తీసుకెళ్లండి" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆర్‌సీ, లోను రెండూ పాత ఓనర్ పేరు మీదే ఉంటాయి. మీరిచ్చిన డబ్బు అతను కట్టకపోయినా, అతనికి అదే కంపెనీలో ఇంకో బకాయి ఉన్నా సీజ్ అయ్యేది మీ ఇంటి ముందున్న బండే. స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందం ఫైనాన్స్ కంపెనీని ఆపలేదు. ఆర్‌సీలో హైపోథికేషన్ ఉంటే కంపెనీ ఎన్‌ఓసీ, దానితో పాటు కంపెనీ సంతకం చేసిన ఫారం 35 చేతికొచ్చాకే మిగతా మాటలు. ఓనర్ సంతకాలతో ఫారం 29, 30 కూడా తీసుకోవాలి. పక్క రాష్ట్రం బండి చౌకగా కనిపిస్తుంది గానీ ఫారం 28 ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, ట్యాక్స్ కలిపితే ఆ లాభం మిగలదు.

ట్యాక్స్, గ్రీన్ ట్యాక్స్ బకాయిలు, చలాన్లు బండి నంబరుతో ముందే చూసుకోండి. సీజ్ చేసిన బండ్ల వేలంలో కొనేవారు ఇవి మరీ జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే అక్కడ బండిని ఉన్నది ఉన్నట్టు ఇస్తారు. డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వకండి. బ్యాంకు ద్వారా కొంత ఇచ్చి, ఆర్‌సీ మీ పేరు మీదికి మారాక మిగతాది ఇచ్చేలా మాట్లాడుకోండి.

బండి చూసేటప్పుడు

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మీరు వచ్చేసరికే వేడిగా ఉంటే స్టార్టింగ్ సమస్యను దాస్తున్నారని అనుమానించాలి. పొగ నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున పొగ తంతే ఇంజిన్ పని దగ్గర్లోనే ఉంది. కిలోమీటర్ల రీడింగ్ తిప్పేయొచ్చు, అరిగిన పెడళ్లు మాత్రం అబద్ధం చెప్పవు.

తర్వాత కింద పడుకుని ఛాసిస్ చూడండి. ఇంజిన్ చెడితే బాగుచేయించవచ్చు, ఛాసిస్ పగిలితే చేయగలిగింది తక్కువ. ఇసుక, ఇటుక ఓవర్‌లోడ్ తోలిన బండికి వెల్డింగ్ అతుకులు, కొత్తగా మార్చిన కమాన్ కట్టలు కనిపిస్తాయి. భీమవరం వైపు రొయ్యలు, చేపలు తోలిన బండి పైకి మెరుస్తున్నా ఉప్పునీళ్లు కారి కింద తుప్పు పట్టి ఉంటుంది. ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్‌సీతో అంకె అంకె సరిచూడండి. మీకు తెలిసిన మెకానిక్‌కు 500 ఇచ్చి వెంట తీసుకెళ్లండి. అమ్మేవాడి మెకానిక్ మాట నమ్మొద్దు. బరువు వేసి గట్టు ఎక్కించి చూసేవరకు బయానా ఇవ్వకండి.

చేతిలో రెండు లక్షలుంటే లక్షన్నర బండి చూడండి. మిగతా యాభై వేలు ఇన్సూరెన్స్, టైర్లు, మొదటి నెలలో బయటపడే రిపేర్లకే పోతాయి.

కొన్నాక 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్‌ను మీ పేరుకు మార్పించుకోవాలి, ఆర్‌సీ మార్పుకు 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. కలుపుకో కోతకో కూలీలను బండి వెనుక ఎక్కించి తీసుకెళ్లొద్దు. సరుకు బండిలో ఊరికే ఎక్కినవారికి ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ప్రమాదం జరిగితే ఆ పరిహారం మీ పొలం మీదికి వస్తుంది.