ఆక్రమిత పారిస్‌లో చలికాలపు వేషాలు

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే పారిస్ పౌరుల భుజాలకు కొత్త బరువు ఒకటి తగులుకుంది. విషవాయువు నుంచి కాపాడే ముసుగు, దాన్ని మోసే రేకు డబ్బా. ఆ డబ్బాను కళ్లకు ఇంపుగా మార్చే పనిని ఫ్యాషన్ సంస్థలు తలకెత్తుకున్నాయి. లాన్వాన్ సంస్థ దానికోసం గుండ్రటి గొట్టంలాంటి చేతిసంచి తయారుచేసింది. ఎల్సా స్కాపరెల్లి పెద్దపెద్ద జేబులు, జిప్పులు పెట్టి పైనుంచి కిందిదాకా ఒకటే సూటు రూపొందించింది. అర్ధరాత్రి సైరన్ మోగితే దాన్ని తొడుక్కుని, కావలసినవి జేబుల్లో కుక్కుకుని నేలమాళిగకు పరుగెత్తవచ్చు. భయం కుట్టించిన బట్ట అది. అయినా చూడముచ్చటగా ఉండాలన్న పట్టుదల అందులో దాగలేదు.

1940 జూన్ 14న జర్మన్ సేనలు నగరంలో ప్రవేశించాయి. ఆ ఏటి చలికాలం ఎముకలు కొరికింది. ఉత్తర ఫ్రాన్స్ గనుల బొగ్గు ఆక్రమణదారుల అదుపులోకి పోవడంతో ఇళ్లలో వెచ్చదనం కరువైంది. ఉన్ని, తోలు జర్మనీకి తరలిపోయాయి. 1941లో బూట్లకు, ఆ తరవాత బట్టలకు రేషన్ పెట్టారు. చేతిలో డబ్బున్నా కార్డులో పాయింట్లు లేకపోతే కోటు దొరకదు. 1944 ఆగస్టులో విముక్తి వచ్చేదాకా పారిస్ నాలుగు చలికాలాలు ఇలాగే గడిపింది.

చలిని ఆపడానికి మిగిలిన దారి ఒకటే, ఉన్నవన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకోవడం. చొక్కాకూ స్వెట్టరుకూ మధ్య పాత దినపత్రికలు దోపుకునేవారు. కాగితం మడతల్లో నిలిచే గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. చిరిగిన స్వెట్టర్లను విప్పి, ఆ ఉన్నిని ఉతికి, వంకరలు పోయేలా సాగదీసి ఆరబెట్టి మళ్లీ అల్లేవారు. ఒక రంగు ఉన్ని చాలకపోతే మరో రంగు కలిసేది. లేమి వల్ల వచ్చిన ఆ చారలే చూసేవాళ్లకు కొత్త సొగసయ్యాయి. కుందేలు చర్మం కోటుకు పనికొచ్చింది, కంబళి కూడా కోటయింది. రచయిత్రి సిమోన్ ద బోవా తలపాగా చుట్టుకుని, వెచ్చటి స్టవ్ ఉన్న కఫే ద ఫ్లోర్‌కు పొద్దున్నే చేరుకుని రాసుకునేవారు. గదిలో చలికి తట్టుకోలేక స్కీ దుస్తుల్లోనే నిద్రపోయిన రాత్రులూ ఉన్నాయి.

కాళ్ల సంగతి వేరే చెప్పుకోవాలి. తోలు లేక బూట్ల కింద చెక్క సోలు వేశారు. చెక్క వంగదు కదా. అందుకని దాన్ని పైనుంచీ కిందినుంచీ మార్చి మార్చి రంపంతో సన్నగా కోసేవారు. అడుగు వేసినప్పుడు ఆ గాట్లు తెరుచుకుని పాదంతోపాటు సోలూ కొద్దిగా వంగుతుంది. రాళ్లు పరిచిన వీధుల్లో టకటకమనే ఆ చప్పుడు అప్పటి పారిస్‌కు గుర్తుగా మిగిలింది. దాని మీద గాయకుడు మోరీస్ షెవాలియే ఓ పాట కూడా పాడాడు. పెట్రోలు లేక అందరూ సైకిలెక్కారు, స్త్రీల స్కర్టులు రెండు కాళ్లుగా చీలాయి. మేజోళ్లు దొరకనివాళ్లు కాళ్లకు రంగు పూసుకున్నారు. అది చలిని ఆపదు, అలవాటైన అందాన్ని మాత్రం నిలబెడుతుంది.

ఈ నాలుగేళ్ల చమత్కారమంతా టోపీల్లో గుమిగూడింది. టోపీకి రేషన్ లేదు, గుడ్డ ముక్కలూ ఈకలూ చాలు. కింద పాత కోటే ఉన్నా తల మీద గోపురాల్లాంటి తలపాగాలు, పూల గుత్తులు లేచాయి. టోపీల రూపకర్త అల్బుయ్ 1941లో దినపత్రిక కాగితంతోనే టోపీ చేశాడు. చలికి చొక్కా లోపల దాచుకున్న కాగితం తలకెక్కి అలంకారమైంది. ఆ కాలపు మనసును ఇంత సూటిగా పట్టి చూపే వస్తువు మరొకటి లేదు.

యువతలో ‘జాజూ’లు మరో అడుగు ముందుకు వేశారు. అమెరికన్ గాయకుడు కాబ్ కాలోవే జాజ్ పాటలోని పలుకుల నుంచి ఆ పేరు వచ్చిందంటారు. గుడ్డ పొదుపు చేయమని ప్రభుత్వం చెబుతున్న రోజుల్లో అబ్బాయిలు మోకాళ్ల దాకా జారే కోట్లు, పొట్టి ఇరుకు ప్యాంట్లు, లావాటి సోలు బూట్లు వేశారు. అమ్మాయిలు వెడల్పు భుజాల కోట్లు, పొట్టి మడతల స్కర్టులు ధరించారు. వాన పడ్డా పడకపోయినా చేతిలో ముడిచిన గొడుగు ఉండేది. 1942లో క్షౌరశాలల్లో కత్తిరించిన జుట్టును పోగుచేసి పరిశ్రమకు ఇవ్వాలని ప్రభుత్వం ఆదేశిస్తే, వీళ్లు జుట్టు పెంచి నూనె రాశారు. జర్మన్ అనుకూల యువజన ముఠాలు కత్తెర్లు పట్టుకుని వీధుల్లో వెంటాడి వాళ్ల తలలు గొరిగేవి.

అదే ఏడాది జూన్‌లో యూదులు పసుపు నక్షత్రం కుట్టుకు తిరగాలన్న ఉత్తర్వు అమలయింది. యూదులు కాని కొందరు యువకులు, యువతులు ‘స్వింగ్’ వంటి మాటలు రాసిన నక్షత్రాలు పెట్టుకుని వీధుల్లోకి వచ్చారు. వారిలో పలువురిని పట్టుకుని డ్రాన్సీ నిర్బంధ శిబిరంలో పెట్టారు. జాజూలందరినీ ప్రతిఘటన వీరులని అనలేం. చాలామందికి కావలసినవి సంగీతం, సరదా, తమకు నచ్చిన కోటు మాత్రమే. కానీ ఎవరేం తొడగాలో పాలకులే నిర్ణయిస్తున్న చోట ఆ కోటుకు పెద్ద ధర పడింది.

విముక్తి తరవాతి చలికాలంలోనూ బొగ్గు, గుడ్డ కొరతే. పారిస్ దర్జీలు నిలువెత్తు బట్టలు కుట్టలేక దాదాపు 70 సెంటీమీటర్ల తీగబొమ్మలకు కోట్లు, టోపీలు, బూట్లు అమర్చారు. 200కు పైగా బొమ్మలతో ‘థియాత్ర్ ద లా మోద్’ ప్రదర్శన 1945 మార్చిలో లూవ్ర్ భవనంలో మొదలైంది. వచ్చిన డబ్బు యుద్ధబాధితుల సాయానికి వెళ్లింది. తరవాత అమెరికా చేరిన ఆ బొమ్మల్లో చాలావరకు వాషింగ్టన్ రాష్ట్రంలోని మేరీహిల్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి.